ఒంటిపలక కంప్యూటరు – ఇంటియందు దాని యుపయోగము

చేతిలోని సెల్‌ఫోను మనము చెప్పిన పని చేయును గాని తన లోపలి మర్మమును మనకు చూపదు. దానిని విప్పినను తిరిగి కూర్చుట సామాన్యులకు సాధ్యము గాదు. ఇందువలన నేటి బాలబాలికలు యంత్రములను వాడుటలో మిక్కిలి నేర్పరులై యుండియు, వానిని చేయుటయందును బాగుచేయుటయందును పరిచయము లేనివారుగా పెరుగుచున్నారు. ఈ కొరతను తీర్చుటకు పుట్టిన చిన్న సాధనమే యొంటిపలక కంప్యూటరు. అది యెట్టిదో, దానిని సిద్ధపరచు విధమేమో, మన మోస్రా ప్రాంతపు ఇండ్లలో దానితో నే పనులు చేయదగునో, కొనదలచిన విద్యార్థులకును, కొనియిచ్చుటకు సందేహించు తలిదండ్రులకును ఉపకరించునట్లు ఈ వ్యాసమున వివరింపబడును.

మన ప్రాంతమున కీ విషయము మరింత ముఖ్యము. 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువల నీటితో ఇచట వరియు చెరకును విరివిగా పండినవి. 1937లో బోధనున నిజాము చక్కెర కర్మాగారము నెలకొల్పబడినది. చక్కెర కర్మాగారమనగా బాయిలర్లు, చెరకు పిండు రోలర్లు, మోటార్లు. వానిని విప్పి బిగించు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు. 2015 డిసెంబరున ఆ కర్మాగారము మూతపడగా జీతములు మాత్రమే గాక, యంత్రమును దగ్గరనుండి చూచి నేర్చుకొను చోటును పోయినది. ఒక చిన్న పలక దాని స్థానమును పూరింపజాలదు. కాని విప్పి చూచుట, దోషమును కనుగొనుట, సరిచేయుట యను అభ్యాసమును ఇంటనే మొదలు పెట్టుట కది చాలును.

ఒంటిపలక కంప్యూటరనగా నేమి?

ప్రాసెసరు, మెమరీ, టీవీ కీబోర్డులు తగిలించు సందులు – కంప్యూటరునకు వలయు ప్రధాన భాగములన్నియు ఒక్క పలకమీదనే అమర్చబడి యుండుటచే దీని కీ పేరు కలిగెను. పరిమాణమున నది ఏటీఎం కార్డంత మాత్రమే. తెర, కీబోర్డు, మౌసు దానితో రావు. ఇంట నున్న టీవీనే తెరగా వాడుకొనవచ్చును. పలక అంచున వరుసగా 40 పిన్నులు నిలిచి యుండును. సెల్‌ఫోనునకు లేనిదియు, దీనికి విశేషమైనదియు నివియే. ఈ పిన్నుల ద్వారా కంప్యూటరు బయటి లోకమును తాకును: దీపమును వెలిగించును, వేడిమిని కొలుచును, గంటను మ్రోగించును.

హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ మన దేశమున కంప్యూటరులను తయారుచేసి విక్రయించుటకు పూనుకొనిన తొలి సంస్థలలో నొకటి. 1969 నాటి దాని టి.డి.సి.-12 కాలమున కంప్యూటరనగా బీరువాలంత పెట్టెలు. 1981లో ఇంగ్లాండున పాఠశాలల కొరకు బి.బి.సి. మైక్రో యను కంప్యూటరు వెలువడగా, పిల్లలు ఇంటనే ప్రోగ్రాములు వ్రాయ నేర్చిరి. తరువాతి తరమున ఆ యలవాటు సన్నగిల్లినది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువవచ్చు విద్యార్థుల సంఖ్యయు, వారి పూర్వానుభవమును తగ్గుట గమనించి, ఎబెన్ అప్టన్ మొదలగువారు చవుకైన కంప్యూటరు నొకదానిని రూపొందించిరి. రాస్‌ప్‌బెర్రీ పై యను పేర 2012 ఫిబ్రవరి 29న అది 35 డాలర్లకు విక్రయమునకు వచ్చెను. 2015లో 5 డాలర్ల చిన్న రకమును వెలువడెను. ఆరెంజ్ పై మున్నగు ఇతర పలకలును కలవు. అయినను మొదటిసారి నేర్చువారికి సహాయ గ్రంథములు విస్తారముగా లభించునది రాస్‌ప్‌బెర్రీ పై యే.

కొనుటకు ముందు

పలక ధర చూచి మోసపోరాదు. మెమరీ కార్డు, చార్జరు, టీవీకి తగిలించు కేబులు, పలక నుంచు పెట్టె – ఇవి కలిపి లెక్క వేయవలయును. ధరలు తరచుగా మారుచుండును గనుక రెండు మూడు చోట్ల విచారించుట మేలు. ఇంటికొకటి యవసరము లేదు. నలుగురు విద్యార్థులు కలసి యొకటి కొనిన చాలును.

మరియొక ప్రశ్న ముందుగా వేసికొనవలయును: ఈ పనికి కంప్యూటరే కావలయునా? ఒక దీపమును వెలిగించుటకో, ఒక్క ఉష్ణమాపకమును చదువుటకో మాత్రమైనచో, 2021లో 4 డాలర్లకు వచ్చిన పైకో యను చిన్న పలక చాలును. అది కంప్యూటరు గాదు, ఒక్క పనిని మరల మరల చేయు మైక్రోకంట్రోలరు. కొలిచిన దానిని వ్రాసియుంచుట, తెరపై చూపుట, ఇతర ఫోనులకు అందించుట యవసరమైనప్పుడే ఒంటిపలక కంప్యూటరు తన ఖరీదునకు తగిన పని చేయును.

సిద్ధపరచు విధము

ఈ పలకకు హార్డుడిస్కు లేదు. దాని బుద్ధి యంతయు మెమరీ కార్డున నుండును. 32 జీబీ కార్డు చాలును. ఇంటర్నెట్టు గల వేరొక కంప్యూటరునందు రాస్‌ప్‌బెర్రీ పై ఇమేజరు అను ఉచిత ప్రోగ్రామును తెరచి, దాని మూలమున కార్డుపై ఆపరేటింగు సిస్టమును వ్రాయవలయును. వాడువాని పేరును, పాస్‌వర్డును, వైఫై వివరములను అప్పుడే నింపవచ్చును. పూర్వము ఈ పలకలన్నిటికిని ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు ఉండెడివి. లోకమెల్ల నెరిగిన తాళపుచెవితో ఇల్లు కాపాడబడదు గనుక 2022 ఏప్రిలున ఆ పద్ధతి మానబడెను. తెలుగు అక్షరములు సరిగా కనబడనిచో తెలుగు ఫాంట్లను చేర్చుకొనవలయును.

ఆరంభమున కలుగు చిక్కులలో పెక్కింటికి చార్జరే కారణము. మూడవ తరపు పలకకు 5 వోల్టులు, 2.5 ఆంపియర్లును, నాల్గవ దానికి 3 ఆంపియర్లును, ఐదవ దానికి 5 ఆంపియర్లును ఇచ్చు చార్జరు కావలయును. పాత ఫోను చార్జరు పెట్టినచో తెరపై మెరుపు గుర్తు కనబడును, పలక తనంతట తాను ఆగి మరల మొదలగును. అప్పుడు పలక చెడినదని నిరాశ చెందక ముందుగా చార్జరును, దాని తీగను మార్చి చూడవలయును.

కరెంటు పోవుట రెండవ చిక్కు. కార్డుపై వ్రాయుచుండగా కరెంటు పోయినచో అందలి విషయము చెడవచ్చును. కావున పని ముగియగానే స్విచ్చి తీయక, పలకను ముందు ఆపుమని యాజ్ఞాపించి పిదప తీయవలయును. అంతయు సిద్ధమైన పిమ్మట కార్డు ప్రతి నొకదానిని వేరుగా దాచుకొనుట వివేకము.

మూడవది గడియారము. నాల్గవ తరము వరకు గల పలకలలో కరెంటు లేనప్పుడు నడచు గడియారము లేదు. ఐదవ దానిలో నున్నను బ్యాటరీ వేరుగా కొనవలయును. ఇంటర్నెట్టు లేని యింట పలక వేసిన తేదీలు తప్పగును. తేదీతో కూడిన కొలతలు కావలసినచో బ్యాటరీతో నడచు చిన్న గడియారపు భాగమును చేర్చవలయును. కడపటిది ఎండ. సుమారు 80 డిగ్రీల వేడి కెక్కినచో పలక తన వేగమును తానే తగ్గించుకొనును. మన వేసవిలో రేకుల కప్పు క్రింద దాని నుంచరాదు.

మొదటి పని: ధాన్యపు రాశి వేడిమి

యాసంగి కోతల వేళ అకాల వర్షము పడినచో రైతు గుండె యెట్లు కొట్టుకొనునో మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ధాన్యము జీవము గలది, అదియు శ్వాసించును. తేమ హెచ్చైనచో శ్వాసయు హెచ్చి, బూజును పుట్టి, రాశి నడుమ వేడెక్కును. పైన చేయి పెట్టి చూచిన ఇది తెలియదు. గుమ్మిలోనో గదిలోనో పోసిన ధాన్యపు లోపలి వేడిమిని మన పలక దినదినము కొలిచి వ్రాసియుంచగలదు.

ఇందులకు డి.ఎస్.18బి20 అను ఉష్ణమాపకము తగినది. ఉక్కు గొట్టమున మూసి, నీరు చొరకుండ పొడవైన తీగతో నిది దొరకును. దాని ఎఱ్ఱ తీగను పలకయొక్క 1వ పిన్నునకు, నల్ల తీగను 6వ పిన్నునకు, పసుపు తీగను 7వ పిన్నునకు కలుపవలయును. పసుపు ఎఱ్ఱ తీగల నడుమ 4.7 కిలో ఓముల రెసిస్టరు నుంచవలయును. రంగులు కొన్నిట మారును గనుక అమ్మువాని కాగితమును చూచి కలుపుట క్షేమము. పలక సెట్టింగులలో 1-వైరు అను దానిని తెరచినంతనే మాపకము చదువబడును. అది డిగ్రీలో వేయవవంతులుగా చెప్పును: 31250 అనగా 31.25 డిగ్రీలని గ్రహింపవలయును. ఒక్క తీగపైననే పెక్కు మాపకములను కలుపవచ్చును.

మూడు మాపకములు తీసికొని, మొదట మూడింటిని కరగుచున్న మంచు నీటిలో నుంచి చూడుడు. మూడును సున్నకు సమీపమున నుండవలయును. అర డిగ్రీ భేదము సహజము. పిమ్మట నొకటి వెదురుకఱ్ఱకు కట్టి రాశి నడుమకును, ఒకటి అంచునకును చొనిపి, మూడవదానిని గదిలో నీడపట్టున వ్రేలాడదీయుడు. గంటకొకసారి కొలుచు ప్రోగ్రామును పైథాను భాషలో వ్రాయుటకు ఇరువది పంక్తులు చాలును. బయటి గాలి యట్లే యుండగా నడిమి వేడిమి దినదినము పెరుగుచున్నచో ధాన్యము చెడ నారంభించినదని యెరిగి, రాశిని విప్పి ఆరబెట్టవలయును. అయితే ఇది తేమను కొలుచుట గాదు. కొనుగోలు కేంద్రమున నూటికి 17 వంతులకు మించని తేమ యుండవలయునను నియమమును తేమ యంత్రమే తేల్చును. మన పలక ముందుగా హెచ్చరించు కావలివాడు మాత్రమే.

మరి రెండు పనులు

కివిక్స్ అను ఉచిత ప్రోగ్రాముతో 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను కార్డుపై దింపుకొనవచ్చును. పలకయే వైఫైని ప్రసరింపజేయగా, ఇంటర్నెట్టు లేకయే ఇంటిలోని ఫోను లన్నిటను ఈ విజ్ఞానకోశమును చదువవచ్చును. హాస్టలునకును ఇది యుపయుక్తము.

నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చి నొకదానిని వ్రేలాడదీసి, దాని రెండు తీగలను పలకకు కలిపినచో, ట్యాంకు నిండగానే ఇంట గంట మ్రోగును. నీరు పొర్లిపోదు, మోటారు వృథాగా తిరుగదు.

చేయరాని పనులు

పిన్నులకు 3.3 వోల్టులకు మించి ఇయ్యరాదు. 5 వోల్టులు తగిలినను పలక చెడును. 230 వోల్టుల ఇంటి కరెంటును గాని, బోరు మోటారు స్టార్టరును గాని విద్యార్థులు ముట్టనే రాదు. గంట మ్రోగిన పిమ్మట మోటారును ఆపవలసినవారు ఇంటి పెద్దలే. పలక చెడినచో మరల కొనవచ్చును, ప్రాణము తిరిగి రాదు.

తలిదండ్రులకు తుదిగా నొక విన్నపము. మొదటి వారమున పలక పని చేయకపోవుటయే సామాన్యము. తీగ తప్పుగా తగులును, ప్రోగ్రామున నొక అక్షరము తప్పును. అట్టి దినమున డబ్బు వ్యర్థమాయెనని పిల్లలను గద్దింపక, కారణమును వెదకనిండు. ఆ వెదకుటయే యసలు చదువు. విద్యార్థులారా, పలకను బీరువాలో దాచుట తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని పని వంటిది. పది పనులు తలపెట్టక ఒక్క పని యెన్నుకొనుడు. ఒక పంటకాలమంతయు దానిని నడిపి, దినదినపు కొలతలను పుస్తకమున వ్రాసి, మీ యుపాధ్యాయులకు చూపుడు.