జపాన్ గేమ్ యూరప్ ప్లేస్టేషన్‌లో ఎందుకు ఆడేది కాదు?

సోనీ కంపెనీ వీడియోగేమ్ యంత్రం ప్లేస్టేషన్ 1994 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. గేములు సీడీల మీద వచ్చేవి. కానీ జపాన్‌లో కొన్న సీడీ యూరప్ ప్లేస్టేషన్‌లో నడిచేది కాదు.

ఎందుకు? ఒక్కో ప్రాంతంలో ఒక్కో సమయంలో, ఒక్కో ధరకు గేములు అమ్ముకోవాలని కంపెనీలు అనుకున్నాయి. అందుకే ప్రాంతాలవారీగా తాళం వేశాయి.

ఆ తాళం ఎలా పనిచేసేది? సీడీ మీద సమాచారం చుట్టలు చుట్టుకున్న సన్నని దారి వెంట ఉంటుంది. గేమ్ సీడీలో ఆ దారి మొదలయ్యే చోట దాన్ని ఫ్యాక్టరీలోనే అతి సూక్ష్మంగా వంకరలు తిప్పేవారు. ఆ వంకరల్లో నాలుగు అక్షరాలు దాగి ఉండేవి: జపాన్‌కు ఎస్‌సీఈఐ, అమెరికాకు ఎస్‌సీఈఏ, యూరప్‌కు ఎస్‌సీఈఈ. తన ప్రాంతపు అక్షరాలు దొరికితేనే ప్లేస్టేషన్ గేమ్ మొదలుపెట్టేది.

మరి తాళం ఎలా తీశారు? మోడ్‌చిప్ అనే చిన్న చిప్‌ను లోపలి బోర్డుకు సోల్డరింగ్ చేసేవారు. సీడీ ఏ దేశానిదైనా, ప్లేస్టేషన్ ఎదురుచూసే అక్షరాలను ఆ చిప్పే అందించేది.

అంత శ్రమ ఎందుకు? జపాన్‌లో వచ్చిన ఎన్నో గేములు యూరప్‌కు చేరనేలేదు. పైగా అప్పటి జపాన్ టీవీలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది. యూరప్‌లో, మన దేశంలో 50 సార్లే. సరిచేయకుండా అమ్మిన గేమ్ యూరప్‌లో ఆరో వంతు నెమ్మదించేది.

అయితే ఆ చిప్‌తో దొంగ కాపీలూ నడిచేవి. అందుకే వివాదం కోర్టులకెక్కింది. మోడ్‌చిప్ అమ్మడం చట్టవిరుద్ధమన్న సోనీ వాదనను 2005లో ఆస్ట్రేలియా హైకోర్టు తోసిపుచ్చింది. తర్వాతి యంత్రాల్లో ఒకటైన, 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో అలాంటి తాళం లేకుండా దాదాపు అన్ని దేశాల గేములూ నడుస్తాయి. డబ్బిచ్చి కొన్న గేమ్‌ను ఎక్కడైనా ఆడుకోగలగడమే న్యాయం.