దూరపు కార్యాలయాలు - ఉమ్మడి దస్త్రాలు

మానవుడు వ్రాత నేర్చిన నాటి నుండి రెండు అవసరాలు అతనిని వెన్నంటి వస్తున్నాయి. వ్రాసినదానిని భద్రపరచడం మొదటిది. దానిని కావలసినవారికి అందజేయడం రెండవది. దస్త్రం ఒకే చోట ఉన్నంతకాలం ఈ రెండింటికీ పేచీ రాదు. బీరువా తాళం ఒకరి చేతిలో ఉంటుంది. అవసరమైనవారు వచ్చి చూసుకొని పోతారు. కాని కార్యాలయాలు నాలుగు ఊళ్ళకు విస్తరించి, నాలుగు చోట్లా అదే దస్త్రం కావలసి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ప్రతి ఒక్కటే ఉంటే దూరాన ఉన్నవారి పని ఆగిపోతుంది. ప్రతులు పెరిగితే వాటిలో ఏది సరైనదో తెలియకుండా పోతుంది. లక్షలాది పత్రాలు గల పెద్ద సంస్థలు నేడు కంప్యూటర్ల సాయంతో పరిష్కరించుకొంటున్న సమస్య ఇదే. సమస్య పాతది; సాధనాలు మాత్రమే కొత్తవి.

తెలుగునాట గ్రామపాలనలో ఈ సమస్యకు ఒక పరిష్కారం ఉండేది. భూముల విస్తీర్ణం, సాగు, శిస్తు మొదలైన లెక్కలను గ్రామంలో కరణం వ్రాసేవాడు. అవే వివరాలు తాలూకా కచేరీకీ కావలసి ఉండేవి. ఊరి లెక్కకూ కచేరీ లెక్కకూ తేడా వస్తే నష్టపోయేది రైతే. అందుకే ఏటా జమాబంది జరిగేది. కరణాలు తమ లెక్కల పుస్తకాలతో అధికారుల ఎదుట హాజరై, వాటిని సరిచూపించుకొనేవారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం పదవిని రద్దు చేసింది. అయినా ఆ ఏర్పాటులోని తర్కం నేటికీ నిలిచే ఉంది. రెండు చోట్ల ఉన్న ఒకే లెక్క కాలం గడిచేకొద్దీ వేరవుతుంది. కనుక నియమం తప్పకుండా రెండింటినీ ఎదురెదురుగా పెట్టి కలపాలి.

దూరం సముద్రాలు దాటినప్పుడు ఈ పని మరింత కష్టమైంది. 1600లో లండన్‌లో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. తరువాత మద్రాసులోని సెయింట్ జార్జి కోట తూర్పుతీరంలో దానికి ప్రధాన కేంద్రమైంది. మద్రాసు అధికారులు తమ సమావేశాల చర్చలను, నిర్ణయాలను పుస్తకాలకెక్కించి, వాటికి నకళ్ళు వ్రాయించి లండన్‌కు పంపేవారు. ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి వెళ్ళే ఓడకు నెలల కాలం పట్టేది. ఓడ మునిగితే ఉత్తరమూ మునుగుతుంది. కనుక ఒకే ఉత్తరానికి రెండు మూడు ప్రతులు వ్రాసి వేర్వేరు ఓడలలో పంపడం వాడుకగా ఉండేది. జవాబు చేతికందడానికి ఏడాదీ, అంతకు మించీ పట్టేది. అంటే లండన్‌లోని పెద్దలు చదివేది ఎన్నడూ అప్పటి మద్రాసును గురించి కాదు; ఎన్నో నెలల క్రితపు మద్రాసును గురించి. ఆ దస్త్రాల జంట ప్రతులు నేటికీ చరిత్రకారులకు ఆధారాలుగా ఉన్నాయి. ఒక భాగం చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, మరొక భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ భద్రంగా ఉన్నాయి.

1870 నాటికి సముద్రగర్భపు తంతి తీగ బొంబాయిని బ్రిటన్‌తో కలిపింది. నెలల ప్రయాణం గంటలకు తగ్గింది. ఆ తరువాత టెలిఫోను, కంప్యూటరు, ఇంటర్నెట్ వచ్చాయి. ఇక దూరం మాయమైపోయిందని చాలామంది భావిస్తారు. నిజానికి దూరం తగ్గింది గాని మాయం కాలేదు.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. ఇది ప్రకృతి విధించిన హద్దు. ఎంత డబ్బు వెచ్చించినా దీనిని దాటడం సాధ్యం కాదు. చెన్నైకీ లండన్‌కూ మధ్య దూరం తిన్నగా లెక్కించినా 8,000 కిలోమీటర్లకు పైమాటే. ఒక ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడానికి కనీసం సెకనులో పన్నెండవ వంతు కాలం పడుతుంది. సముద్రగర్భంలో చుట్టు తిరిగి వెళ్ళే తీగలలో ఇంకా ఎక్కువ పడుతుంది. ఇది కంటిరెప్పపాటు కాలమే గదా అనిపించవచ్చు. కాని ఒక కంప్యూటరు మరొక కంప్యూటరులోని పత్రాన్ని తెరిచేటప్పుడు వాటి నడుమ ఒకే ప్రశ్న, ఒకే జవాబు ఉండవు. 'ఈ పత్రం ఉన్నదా? చూడడానికి అనుమతి ఉన్నదా? వేరెవరైనా తెరిచారా? మొదటి భాగం పంపగలరా?' అంటూ వందలాది సంభాషణలు సాగవచ్చు. ఒకే భవనంలో అటువంటి సంభాషణకు సెకనులో వెయ్యవ వంతు చాలు. కనుక మూడు వందల సంభాషణలు జరిగినా చూసేవారికి ఆలస్యం తెలియదు. అదే ఖండాంతరాల నడుమ ఒక్కొక్క దానికి సెకనులో పదవ వంతు చొప్పున లెక్కించినా అర నిమిషం గడిచిపోతుంది. పత్రం తెరిచిన ప్రతిసారీ అర నిమిషం వేచి ఉండవలసి వస్తే ఉద్యోగి సహనం నశిస్తుంది. అతడు ఆ పత్రానికి నకలు తీసి తన కంప్యూటరులోనే దాచుకొంటాడు. ఎవరికీ తెలియని ప్రతి ఒకటి అక్కడ పుడుతుంది.

రెండవ హద్దు తీగ సామర్థ్యానికి సంబంధించినది. ఇరుకు కాలువలో నీరు మెల్లగా పారినట్లే, తక్కువ సామర్థ్యం గల తీగలో సమాచారం మెల్లగా సాగుతుంది. సెకనుకు 10 మెగాబిట్ల సామర్థ్యం గల తీగ ద్వారా ఒక టెరాబైట్ పరిమాణం గల పత్రభాండాగారాన్ని పంపడానికి, అది నిరంతరాయంగా పనిచేసినా, తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. అందువలన మొదటిసారి మొత్తం భాండాగారాన్ని హార్డ్‌డిస్కులలో నింపి వాహనంలో పంపడమే కొన్ని సందర్భాలలో త్వరితమైన మార్గమవుతుంది. ఈస్టిండియా కంపెనీ ఓడల పద్ధతి పూర్తిగా పాతబడిపోలేదన్నమాట.

ఈ హద్దులను దాటలేకపోయినా, వాటిలో ఒదిగి పనిచేసే ఉపాయాలను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980లలో 'ఆండ్రూ ఫైల్ సిస్టమ్' రూపొందింది. ఆ సంస్థకు పేరునిచ్చిన ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్‌ల పేరనే దీనికీ ఆ పేరు వచ్చింది. ఇందులో ఒకసారి తెరిచిన పత్రానికి ప్రతి ఒకటి తెరిచినవారి కంప్యూటరులోనే నిలిచి ఉంటుంది. రెండవసారి తెరిచినప్పుడు దూరంలోని సర్వర్ నుండి దానిని మళ్ళీ తెప్పించుకోవలసిన పని ఉండదు. ఇంతలో వేరొకరు దానిని మార్చితే, 'నీ దగ్గర ఉన్నది పాతబడింది' అని సర్వరే కబురు పంపుతుంది. 1996లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిజెల్, పాల్ మకెరాస్ 'ఆర్‌సింక్' అనే పద్ధతిని వెలువరించారు. పత్రాన్ని చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు ఒక గుర్తింపు సంఖ్యను గణించి, రెండు చోట్లా ఆ సంఖ్యలను పోల్చి, తేడా ఉన్న ముక్కలనే పంపడం ఇందులోని కిటుకు. వంద పుటల నివేదికలో ఒక పేరా మారితే ఆ కొంత భాగమే ప్రయాణిస్తుంది. ఒక విధంగా ఇది నిమిషాలలో ముగిసే జమాబంది.

ఇంతవరకు వచ్చిన చిక్కు వేగానిది. దానికన్నా కఠినమైనది సత్యానికి సంబంధించిన చిక్కు. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం, శ్రీకాకుళంలో పనిస్థలం గల ఒక నిర్మాణ సంస్థను ఉదాహరణగా ఊహించవచ్చు. వంతెన పటంలో ఒక దూలానికి 20 మిల్లీమీటర్ల ఇనుప చువ్వలు అని ఉంది. హైదరాబాదులోని ఇంజినీరు లెక్కలు మళ్ళీ వేసి దానిని 25 మిల్లీమీటర్లుగా సవరించాడు. అదే సమయాన శ్రీకాకుళంలోని ఇంజినీరు అదే పటాన్ని తెరిచి, అందులో స్తంభాల మధ్య కొలతను సరిచేశాడు. ఇద్దరూ భద్రపరచారు. వెనుక భద్రపరచిన ప్రతే నిలిచే ఏర్పాటు ఉంటే మొదటివాని సవరణ చప్పుడు లేకుండా తుడిచిపెట్టుకొనిపోతుంది. ఎవరూ తప్పు చేయలేదు. అయినా బలహీనమైన చువ్వలతో దూలం లేస్తుంది. కాగితంపై తేడా కొన్ని అంకెలే. నేలపై దానిని మోయవలసినది వంతెన.

దీనిని నివారించడానికి రెండు మార్గాలున్నాయి. ఒకరు పత్రాన్ని సవరిస్తున్నంతసేపు ఇతరులు చదవగలిగేటట్లు, మార్చలేకుండేటట్లు తాళం వేయడం మొదటిది. ప్రతి మార్పునూ వేరు ప్రతిగా నిలిపి, ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో నమోదు చేయడం రెండవది. గూగుల్ డాక్స్ వంటి సాధనాలలో పలువురు ఒకేసారి ఒకే పత్రంలో వ్రాయడానికి వీలుంది. అయితే ఏ సాధనానికైనా ఒక పరిమితి ఉంది. 2000లో ఎరిక్ బ్రూవర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దానిని ప్రతిపాదించగా, 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ గణితపరంగా నిరూపించారు. రెండు కేంద్రాల మధ్య సంబంధం తెగినప్పుడు రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి. సంబంధం కుదిరేదాకా పని ఆపితే ప్రతులు ఏకరూపంగా ఉంటాయి. పని ఆపకుండా సాగిస్తే ప్రతులు వేరుపడే ప్రమాదాన్ని అంగీకరించాలి. ఏ పత్రానికి ఏది తగునో నిర్ణయించవలసినది యంత్రం కాదు, మనిషి. సెలవు దరఖాస్తుకు రెండవది చాలు. వంతెన పటానికి మొదటిదే కావాలి.

ప్రతులన్నీ ఎల్లవేళలా ఒక్కటిగా ఉంటే చాలునా? చాలదని 2017లో జరిగిన ఒక సంఘటన తెలియజేసింది. డెన్మార్క్‌కు చెందిన మేర్స్క్ ప్రపంచంలోని అతిపెద్ద నౌకా రవాణా సంస్థలలో ఒకటి. ఆ సంవత్సరం జూన్ 27న 'నాట్‌పెట్యా' అనే విధ్వంసక ప్రోగ్రాం ఉక్రెయిన్‌లో వాడుకలో ఉన్న ఒక పన్నుల లెక్కల సాఫ్ట్‌వేర్ ద్వారా వ్యాపించి, అనేక సంస్థలతో పాటు మేర్స్క్ కంప్యూటర్లను కూడా పాడుచేసింది. ఉద్యోగుల పేర్లు, అనుమతుల వివరాలు గల కీలకమైన జాబితా ఆ సంస్థలో సుమారు 150 సర్వర్లలో ఉండేది. ఒకటి చెడినా మిగిలినవి ఆదుకొంటాయనే ధీమాతో అవి ఒకదానితో ఒకటి నిత్యం సరిపోల్చుకొనే ఏర్పాటు చేశారు. అన్నీ ఒకేసారి చెడిపోవచ్చునని ఎవరూ ఊహించలేదు. ఊహించనిదే జరిగింది.

పత్రికలలో వెలువడిన వివరాల ప్రకారం ఒక్క సర్వర్ మాత్రం మిగిలింది. అది ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఉంది. దాడికి ముందే అక్కడ కరెంటు పోవడంతో దానికి మిగిలిన ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. ఆ తెగిన సంబంధమే దానిని కాపాడింది. ఇక అందులోని సమాచారాన్ని ఇంగ్లండులోని కేంద్రానికి చేర్చాలి. ఘనా నుండి తీగ ద్వారా పంపాలంటే రోజులు పట్టేటట్లు ఉంది. అక్కడి ఉద్యోగులకు బ్రిటన్ వీసా లేదు. చివరకు ఒక ఉద్యోగి హార్డ్‌డిస్కును విమానంలో నైజీరియాకు తీసుకొనిపోయి మరొకరికి అప్పగించగా, వారు దానిని ఇంగ్లండుకు చేర్చారు. సంస్థ సుమారు 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను పది రోజులలో తిరిగి సిద్ధం చేసుకొన్నది. నష్టం 25 నుండి 30 కోట్ల డాలర్లని సంస్థ ప్రకటించింది.

ఈ ఉదంతం నేర్పే పాఠం స్పష్టమైనది. అద్దంలోని ప్రతిబింబం రూపాన్ని చూపుతుంది గాని గాయాన్ని మాన్పదు. అసలుకు దెబ్బ తగిలితే ప్రతిబింబంలోనూ అది కనబడుతుంది. హైదరాబాదులో పొరపాటున చెరిపిన పత్రం, క్షణాలలో విశాఖపట్నంలోనూ చెరిగిపోతుంది. కనుక ఉమ్మడి వాడకానికి ఉంచిన ప్రతులు వేరు, భద్రతకు దాచిన ప్రతులు వేరు. కనీసం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి వేరే ఊరిలో ఉండాలనేది నిపుణులు చెప్పే నియమం. ఆ దాచిన ప్రతులలో ఒకదానికైనా తీగ సంబంధం ఉండరాదు. అది నిజంగా తెరుచుకొంటుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి.

సాధనాలు ఎంత గొప్పవైనా క్రమశిక్షణ లేనిచోట ఫలించవు. పత్రాలకు 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అని ఎవరి తోచిన పేరు వారు పెట్టుకొంటే, భాండాగారం ఎంత పెద్దదైతే అంత గందరగోళమవుతుంది. తేదీ, విషయం, ప్రతి సంఖ్య కలిపి అందరూ ఒకే తీరున పేరు పెట్టాలి. ఒక్కొక్క పత్రానికి బాధ్యుడు ఒకరుండాలి. జీతాల వివరాల వంటివి సంబంధితులకే కనబడాలి. ఉద్యోగి సంస్థను వీడిన నాడే అతని అనుమతులు తొలగాలి.

ఓడలలో ఉత్తరాలు పంపిన గుమాస్తాలకూ, గాజు తీగలో పత్రాలు పంపే ఇంజినీర్లకూ మధ్య కాలం మారింది, బాధ్యత మారలేదు. ప్రతులను పెంచడం యంత్రానికి సులువు. వాటిలో ఏది సత్యమో తేల్చి, దానిని నిలబెట్టుకోవడం మనిషి వంతు. పూర్వం లెక్కల మూట నెత్తికెత్తుకొని తాలూకా కచేరీకి నడిచిన కరణం ఎరిగిన సంగతి ఇదే. ఊరి లెక్కను ఎదుటి లెక్కతో కలిపి చూడనంతవరకు, ఆ రెండింటిలో దేనినీ నమ్మడానికి వీలులేదు.