రెండొందల ఇళ్లు, ఒక్క ఛానెల్

బిట్రగుంటలో రెండొందల ఇళ్ల పేట ఒకటి అనుకుందాం. రాత్రి ఎనిమిదింటికి అందరూ ఫైబర్ బాక్సులో ఒకే సీరియల్ పెట్టారు. ఒక ఛానెల్‌కు సెకనుకు 4 మెగాబిట్లు అనుకుని, ఇంటికో కాపీ విడిగా పంపితే 200 × 4, అంటే 800 మెగాబిట్లు. పేటకు వచ్చే ఫైబర్ 1,000 మెగాబిట్లదైతే, ఇంకో యాభై ఇళ్లు టీవీ పెట్టేసరికి అది నిండిపోతుంది. పరీక్ష ఫలితాలు చూసుకోవాల్సిన పిల్లకు ఇక దారి ఉండదు.

అదే సీరియల్‌ను మల్టీకాస్ట్ పద్ధతిలో, అంటే అడిగినవాళ్లందరికీ కలిపి ఒకే ప్రవాహంగా పంపితే, ఆ ఫైబర్ మీద పడే బరువు 4 మెగాబిట్లే. 2017 డిసెంబరు 27న మొదలైన ఏపీ ఫైబర్‌గ్రిడ్ నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామంటూ జనం ముందుకొచ్చింది. ఇలా ఇంటర్నెట్‌తో కలిసి ఒకే ఫైబర్‌లో వచ్చే టీవీలో, ప్రత్యక్ష ఛానెళ్లకు మామూలుగా వాడేది ఈ పద్ధతే.

మరి మిగతా 199 కాపీలు ఎక్కడ పుడతాయి? దినపత్రికను తలుచుకోండి. హైదరాబాదులో తయారైన పేజీ నెల్లూరు ప్రెస్సుకు ఒక్కసారే వస్తుంది. ప్రతులు నెల్లూరులో అచ్చవుతాయి. ఇక్కడ ఆ ప్రెస్సు పని చేసేది నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే పెట్టె, స్విచ్. దారులు చీలే చోటే కాపీ తీస్తుంది, అంతకుముందు తీయదు.

కాపీ ఏ దారిన వెళ్లాలో తేల్చేది రౌటింగ్, అంటే దారి చూపడం. ఆవిరి ఇంజన్ల కాలంలో మన బిట్రగుంట రైల్వే యార్డు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వ్యాగన్ మీది చీటీలో ఊరి పేరు చూసి పాయింట్లు మార్చి, సరైన లైనుకు మళ్లించేవారు. ఆఫీసులు, కాలేజీలు కొనే పెద్ద స్విచ్‌లలో చాలావాటికి ఈ పనీ వచ్చు. మల్టీకాస్ట్‌లో తేడా ఏమిటంటే, చీటీ మీద ఇంటి చిరునామా ఉండదు, ఒక గుంపు పేరు ఉంటుంది. 224 నుంచి 239 వరకు ఉన్న అంకెలతో మొదలయ్యే ఐపీ చిరునామాలన్నీ ఈ గుంపులవే. స్టీవ్ డీరింగ్ 1989లో రాసిన ప్రమాణపత్రం దీనికి పునాది.

గుంపులో ఎవరున్నారో స్విచ్‌కు ఎలా తెలుస్తుంది? మీరు ఛానెల్ మార్చగానే బాక్సు ‘నాకిది కావాలి’ అని ఐజీఎంపీ అనే చిన్న సందేశం పంపుతుంది. స్విచ్ ఆ మాటను మధ్యలో విని, ఏ పోర్టు నుంచి, అంటే తీగ గుచ్చిన ఏ రంధ్రం నుంచి వచ్చిందో రాసుకుంటుంది. దీన్నే స్నూపింగ్ అంటారు. ఇది లేని స్విచ్ వచ్చిన ప్రతి ఛానెల్‌నూ అన్ని పోర్టుల్లోకీ గుమ్మరిస్తుంది. ముప్పై ఛానెళ్లంటే 120 మెగాబిట్లు. అదే స్విచ్‌కు తగిలించిన 100 మెగాబిట్ల పాత ప్రింటరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది, అది ఏ సీరియలూ అడగకపోయినా.

స్నూపింగ్ పెట్టినా, బొమ్మ నాలుగు నిమిషాలు ఆడి ఆగిపోతోందా? తీగలు పీకి మళ్లీ గుచ్చేముందు క్వెరియర్ ఉందో లేదో చూడండి. తరగతిలో హాజరు పిలిచినట్టు, ‘ఇంకా చూస్తున్నారా?’ అని 125 సెకన్లకోసారి అడిగే పరికరం అది. సాధారణంగా రౌటరే ఈ పని చేస్తుంది. అది లేని చోట స్విచ్‌కే అప్పజెప్పాలి. ఎవరూ అడగకపోతే బాక్సులు మళ్లీ జవాబు చెప్పవు. రెండు పిలుపుల సమయం 250, జవాబుకు మరో 10, మొత్తం 260 సెకన్లు దాటితే చాలా స్విచ్‌లు ఆ పేరు కొట్టేస్తాయి. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. ఇంత కచ్చితంగా ఆగిపోయే బొమ్మ చూసి బాక్సు పాడైందనుకుని మార్పించడం ఎంత దండగ! పోర్టులు లెక్కపెట్టి స్విచ్ కొనేవాళ్లు ఈ ఒక్క సెట్టింగు గురించి అడగరు. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే.

‘అందరూ ఒకే ఛానెల్ చూడరు కదా?’ నిజమే. అరవై రకాలు చూస్తే 240 మెగాబిట్లు. అయినా ఇళ్లు రెండొందలైనా వెయ్యైనా, ఆ అరవై ఛానెళ్లకు పేట ఫైబర్ మీద 240 దాటదు. ‘అయితే యూట్యూబ్ లైవ్‌కీ ఇదే వాడొచ్చుగా?’ వీల్లేదు. ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌కు మామూలు ఇంటర్నెట్‌లో మల్టీకాస్ట్ దాటదు. పైగా అక్కడ ఎవరికి వారు ఆపి, వెనక్కి తిప్పుకుని చూస్తారు.

ఇక పిమ్ అనే మల్టీకాస్ట్ రౌటింగ్ పద్ధతి సంగతి. ఒక కాలేజీని తీసుకోండి. ఒకే స్విచ్‌ను హాస్టల్‌కు ఒకటి, ల్యాబుకు ఒకటిగా విడగొట్టిన గదుల్లాంటి భాగాలను వీలాన్‌లంటారు. ఆ గోడ దాటి మల్టీకాస్ట్ వెళ్లాలంటే సాధారణంగా కావలసింది పిమ్. దీన్ని పై స్థాయి లైసెన్సులో పెట్టి విడిగా డబ్బు అడిగే కంపెనీలున్నాయి. మీ టీవీ బాక్సులు, ఛానెల్ పంపే సర్వరూ ఒకే వీలాన్‌లో ఉంటే ఆ ఖర్చు పెట్టకండి. స్నూపింగ్, క్వెరియర్ సరిపోతాయి.