తడి కట్టె, నల్ల పొగ

కార్తీకంలో అల్లూరు వైపు ముసురు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. నెల్లూరు తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండు కట్టె దొరకడం గగనం. అలాంటి రోజునే మా బంధువుల్లో ఒక పెద్దాయన పోయాడు. చితి మీది సరుగుడు మొద్దుల చివర్ల నుంచి నీళ్లు నురగలు కక్కుతున్నాయి. కొడుకు తలకొరివి పెట్టాడు గానీ మంట అందుకోలేదు. ఎవరో కిరసనాయిలు పోశారు. కాటికాపరి పాత టైరు ఒకటి తెచ్చి కట్టెల సందులో దోపాడు. "ఇదేస్తేగానీ అంటుకోదు సామీ, తడి కట్టె గదా" అన్నాడు. ఆ నల్ల పొగలో అందరికంటే ఎక్కువసేపు నిలబడింది అతనే.

పర్యావరణానికి మేలు చేసే దహన పద్ధతులంటే ఆచారాన్ని పక్కన పెట్టడమేనని చాలామంది భయం. ఆ టైరు మాత్రం ఏ ఆచారంలోనూ లేదు.

బహిరంగ చితికి 400 నుంచి 600 కిలోల కట్టె పడుతుంది. వేడిలో చాలా భాగం గాలికే పోతుంది. కట్టె పచ్చిదైతే ముందు అందులోని నీరు ఆవిరి కావాలి, ఆ తర్వాతే మంట. ఢిల్లీకి చెందిన మోక్షద సంస్థ 1990ల నుంచి చేస్తున్న ప్రయత్నం ఈ వృథాను తగ్గించడమే. ఎత్తయిన ఇనుప జల్లెడ మీద కట్టెలు పేరుస్తారు. కింద నుంచి గాలి ఆడుతుంది, పైన కప్పు వేడిని ఆపుతుంది, పొగ గొట్టంలోకి పోతుంది. ఇలాగైతే 150 నుంచి 200 కిలోలు చాలని సంస్థ చెబుతోంది. ప్రదక్షిణ, కుండ పగలగొట్టడం, కొరివి అన్నీ మామూలుగానే జరుగుతాయి.

కరెంటు కొలిమి సంగతి వేరు. అది రోజంతా వేడిగా ఉంటేనే గిట్టుబాటు. 20 వేల జనాభా ఉన్న ఊరు తీసుకోండి. వెయ్యికి ఏటా ఆరేడు మరణాల లెక్కన సుమారు 130 అవుతాయి, అంటే మూడు రోజులకు ఒకటి. అందులో పూడ్చిపెట్టేవారిని తీసేస్తే ఇంకా తక్కువ. ప్రతిసారీ చల్లారిన కొలిమిని గంటల తరబడి వేడెక్కించాలి. ఆ కరెంటు కోసం కృష్ణపట్నం లాంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలుతుంది. అల్లూరు లాంటి ఊళ్లకు మెరుగైన కట్టెల చితి గానీ, అవసరమైనప్పుడు వెలిగించుకునే గ్యాస్ కొలిమి గానీ మేలని నా అభిప్రాయం.

మరి నియమాలు ఎవరు రాయాలి? రాజ్యాంగం శ్మశానాలను రాష్ట్ర జాబితాలో పదో అంశంగా పెట్టింది. 1992 నాటి 74వ సవరణ పురపాలికలకు అప్పగించదగిన పనుల్లో 'విద్యుత్ దహనవాటికలు' అన్న మాటనే చేర్చింది. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కట్టెల దహనానికి ప్రత్యామ్నాయాలు చూడమని కేంద్రానికి, ఢిల్లీ ప్రభుత్వానికి చెప్పింది. అమెరికాలోనైతే కొత్త పద్ధతి వచ్చినప్పుడు చట్టాన్నే సవరించారు. క్షార జలంలో దేహాన్ని కరిగించే పద్ధతికి మిన్నెసోటా 2003లో, దేహాన్ని ఎరువుగా మార్చే పద్ధతికి వాషింగ్టన్ రాష్ట్రం 2019లో అనుమతినిచ్చాయి.

మనకు కావలసిన నియమాలు అంత దూరపువి కావు. టైర్లు, ప్లాస్టిక్ దండలు, నైలాన్ బట్టలు మంటలో వేయకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే తీయించాలి, మూసిన కొలిమిలో అది పేలుతుంది. గొట్టం ఎత్తు, పొగ వడపోత ఇంత ఉండాలని రాయాలి, ఏటా తనిఖీ చేయాలి. ఒకరి అస్థికలు ఇంకొకరి వాటితో కలవకుండా పేరు చీటీతో కుండలో ఇవ్వాలి. రుసుము గేటు దగ్గర బోర్డు మీద కనబడాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం శ్మశాన నిర్వాహకుణ్ణి కూడా మరణం గురించి తెలియజేయవలసినవారిలో చేర్చింది. ఆ వివరాలు రాసే రిజిస్టర్లోనే ఏ ఇంధనం ఎంత వాడారో రాస్తే సరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏ కులం వారి దేహమైనా ఆ కొలిమిలోకి వెళ్లగలగాలి. కాటికాపరికి జీతం, ముఖానికి మాస్కు, చేతికి తొడుగులు రాతపూర్వకంగా ఉండాలి.

కొలిమికి నిధులు రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా వానలకు ముందే చేయగలిగిన పని ఒకటుంది. శ్మశానంలో నాలుగు స్తంభాల మీద రేకుల కప్పు వేసి, వేసవిలో కొట్టిన సరుగుడు మొద్దులను నేలకు తగలకుండా పేర్చి పెట్టడం.