సముద్రం దాటిన మాట

నిజామాబాద్ జిల్లాలో శ్రీరాంసాగర్ జలాశయానికి చేరువలో ఉన్న నందిపేట్, ఆర్మూర్ ప్రాంతం పసుపు పంటకు పేరెన్నికగన్నది. గల్ఫ్ వలసకూ అంతే పేరు పొందింది. సాగు గిట్టుబాటు కాక, అప్పులు తీరక కొన్ని దశాబ్దాలుగా ఇక్కడి యువకులు దుబాయి, సౌదీ అరేబియా, కువైట్ వంటి చోట్లకు తరలిపోతున్నారు. ఇంటి వద్ద మిగిలిన స్త్రీలలో అనేకులు బీడీలు చుట్టి సంసారం నెట్టుకొచ్చారు.

ఒకప్పుడు ఈ రెండు తీరాలకూ ఉత్తరమే వంతెన. అది చేరడానికి రోజులు, వారాలు పట్టేది. చదువురాని తల్లికి మరొకరు చదివి వినిపించవలసి వచ్చేది. కొడుకు ఆంతరంగికం ఇరుగుపొరుగు చెవిన పడేది. తరువాత టేపురికార్డరు క్యాసెట్లు, ఐ.ఎస్.డి. బూతులు వచ్చాయి. బూతులో మాటకన్నా మీటరుపై పరుగెత్తే అంకెల మీదనే ధ్యాస. 2013లో వాట్సాప్‌లో గొంతు సందేశాలు, 2016లో వీడియో కాల్స్ ప్రారంభమయ్యాయి. ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధాన్ని సౌదీ అరేబియా 2017లో సడలించింది. యు.ఎ.ఇ.లో మాత్రం వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలు చాలాకాలం కొనసాగాయి. అందుచేత గొంతు సందేశానికే అక్కడ విలువ ఎక్కువ. బీడీలు చుట్టే చేతులు ఆగకుండానే దానిని వినవచ్చు.

అయితే గల్ఫ్ కార్మికుడు మాట్లాడవలసింది ఇంటివారితో మాత్రమే కాదు. ఒకే గదిలో నేపాలీ, బంగ్లాదేశీ, మలయాళీ కార్మికులు ఉంటారు, యజమాని అరబ్బు. నిజాం పాలన నాటి నుండి ఈ ప్రాంతంలో వినిపిస్తున్న ఉర్దూ అతనికి కొంత ఆసరా. దానితోపాటు గల్ఫ్ పనిచోట్ల ఒక పొట్టి అరబ్బీ పుట్టింది. వ్యాకరణం తక్కువ, అవసరం ఎక్కువ అయిన భాష అది. అందులో 'ఫీ' అంటే ఉన్నది, 'మాఫీ' అంటే లేదు.

చిక్కు ఇక్కడే ఉన్నది. తెలంగాణ పల్లెలో 'మాఫీ' అనగానే స్ఫురించేది రుణమాఫీ. జీతం అందని నెలలో, అలవాటైన గల్ఫ్ మాటలో, "ఈ నెల పైసలు మాఫీ" అని కొడుకు టైపు చేసి పంపాడనుకుందాం. కిస్తీ రద్దయిందని ఇంట్లో ఊరట చెందవచ్చు. పైసలు లేవన్న సంగతి అప్పులవాడు గడపలో నిలిచినప్పుడే తెలుస్తుంది. అదే మాట గొంతులో వస్తే తల్లి పోల్చుకుంటుంది. అక్షరం క్షణంలో సముద్రం దాటినా, మాట వెనుక ఉన్న దిగులును వెంట తేలేదు.

ఒప్పంద పత్రాల విషయంలో ఈ భాషాభేదం మరింత ప్రమాదకరం. కార్మికునికి అర్థమయ్యే మూడవ భాషలోనూ ఒప్పందం ఉండాలని 2016 నుండి యు.ఎ.ఇ. నిబంధన విధించింది. గూగుల్ అనువాదంలో తెలుగు 2011లోనే చేరింది. కాని పదానికి అర్థం తెలిసినంతమాత్రాన పత్రం బోధపడదు. మూలవేతనం వేరు, భత్యాలు వేరు. ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే సొమ్మును అక్కడ మూలవేతనం పైనే లెక్కిస్తారు. మొత్తం జీతం విని తృప్తిపడినవాడు ఈ తేడాను ఆలస్యంగా గ్రహిస్తాడు. సంతకానికి ముందే పత్రాన్ని ఫోటో తీసి, గల్ఫ్‌లో పనిచేసి తిరిగివచ్చిన ఊరివానికి పంపగలగడం ఫోను చేసిన నిజమైన మేలు. యంత్రం విప్పలేని ముడిని అక్కడ అనుభవం విప్పుతుంది.

ఫోను వలన నష్టమూ లేకపోలేదు. పని ముగించి గదికి చేరినవారు ఒకప్పుడు కాలక్షేపానికైనా ఒకరి భాష ఒకరు నేర్చుకొనేవారు. నేడు ఎవరి చెవిలో వారి భాషే మోగుతూ ఉంటుంది. పక్క మంచం మీది నేపాలీకంటే నందిపేట్ దగ్గరైపోవడం సంతోషమే అయినా, వింత కూడా.

ఎప్పుడో ఆ గోడకు సందు ఏర్పడుతుంది. కల్లంలో ఆరబోసిన పసుపును ఇంటివారు వీడియోలో చూపుతుంటే పక్కవాడు తొంగి చూస్తాడు. పొడిగా తప్ప పసుపును ఎరుగనివాడు, ఈ కొమ్ములేమిటని హిందీలో అడుగుతాడు. తవ్విన కొమ్ములను ముందు ఉడికించి, ఆ తరువాతనే ఎండబెడతారని కార్మికుడు తనకు వచ్చిన హిందీలో వివరించబోతాడు. ఉడకబెట్టడానికి మాట దొరకక, ఫోనునే అతని వైపు తిప్పుతాడు.