టోక్యో సరే... ఒనోమిచి చూశారా?

2022 అక్టోబర్‌లో మన ‘ఆర్ ఆర్ ఆర్’ జపాన్‌లో విడుదలైతే అక్కడివాళ్ళు నెలల తరబడి ఆడించారు. మన సినిమాను అంత ముచ్చటగా చూసినవాళ్ళ సినిమాలు ఏ ఊళ్ళల్లో పుట్టాయో మనం చూడొద్దూ? చాలామంది టోక్యోలో నాలుగు ఫొటోలు దిగి తిరుగు విమానం ఎక్కేస్తారు. మీరు మాత్రం ఇంకో మూడు రోజులు చేతిలో ఉంచుకుని, ఒసాకా నుంచి పడమటికి రైలెక్కండి!

కురొసావా కోట

బుల్లెట్ రైల్లో అరగంట... హిమేజి వచ్చేస్తుంది. స్టేషన్ బయటికి రాగానే రోడ్డు చివర తెల్లటి కోట! 1609లో పూర్తయింది. ‘తెల్ల కొంగ కోట’ అని ముద్దుపేరు. కురొసావా తన ‘కగెముషా’ (1980), ‘రాన్’ (1985) చిత్రాలకు ఇక్కడ షూటింగ్ చేశారు. ‘రాన్’లో తగలబడిపోయేది ఈ కోటేనేమోనని కంగారుపడకండి, అది ఫుజి కొండ వాలున వేసిన సెట్టు! లోపలి మెట్లు మహా నిటారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాలి.

ఇరవైనాలుగు కళ్ళ దీవి

హిమేజి రేవు నుంచి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు వెళితే షోదోషిమా దీవి. 1954లో కినొషిత తీసిన ‘ఇరవైనాలుగు కళ్ళు’ ఇక్కడి కథే. పన్నెండుమంది పిల్లలు, వాళ్ళ టీచరమ్మ హిదెకో తకమినె. ఆ పిల్లల్లో కొందరిని యుద్ధం పొట్టన పెట్టుకుంటుంది. 1987లో మళ్ళీ తీసినప్పుడు వేసిన బడి సెట్టును పీకేయకుండా, సముద్రం ఒడ్డున అలాగే దాచుకున్నారు. ఆ బల్ల మీద కూర్చుంటే ఎవరో హాజరు పిలుస్తారేమో అనిపిస్తుంది!

ఇక క్లైమాక్స్...

దీవి నుంచి ఒకయామా రేవుకి ఫెర్రీ, అక్కడినుంచి స్టేషన్‌కి బస్సు, ఆ తర్వాత రైలు... అదిగో ఒనోమిచి! కొండమీదికి మెట్లు, మెట్ల పక్కన గుళ్ళు, గుళ్ళ దగ్గర పిల్లులు, కింద సన్నటి సముద్రపు పాయ. దర్శకుడు ఒబయాషి (1938–2020) పుట్టిన ఊరిది. కుర్రకారు మెచ్చిన మూడు సినిమాలను 1982, 85 మధ్య ఇక్కడే తీశాడు.

అయితే ఈ ఊరిని లోకానికి చూపించింది 1953 నాటి ‘టోక్యో కథ’. డైరెక్టర్ ఓజు. ఒనోమిచి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వెళతారు. డాక్టరు కొడుక్కి తీరిక లేదు, బ్యూటీ పార్లర్ నడిపే కూతురికీ లేదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య ఒక్కర్తే సెలవు పెట్టి ఊరు తిప్పుతుంది. ఇల్లు చేరాక తల్లి కన్నుమూస్తుంది. ఆ తెల్లవారుజామున తండ్రి జోదోజి గుడి దగ్గర ఒక్కడే నిలబడి సూర్యోదయం చూస్తాడు. అంత్యక్రియలు కాగానే పిల్లలు రైలెక్కేస్తారు.

ఆ గుడి ఇవాళ్టికీ ఉంది. టోక్యో ఒక్కటే చూసి వచ్చేస్తే మనమూ ఆ పిల్లల జాబితాలో చేరినట్టే! తెల్లవారకముందే అక్కడికి వెళ్ళండి. సూర్యుడు పైకొచ్చాక అమ్మకీ నాన్నకీ ఫోన్ చేయాలనిపిస్తే మాత్రం కాస్త ఆగండి... మన ఊళ్ళో అప్పటికింకా అర్ధరాత్రి దాటి రెండు గంటలే!