ఉక్కపోత

మే నెలలో అనంతపురం నుంచి విశాఖపట్నం వెళ్ళినవారిని అడిగి చూడండి. అనంతపురంలో ఎండ నిప్పులు చెరుగుతుంది, కాని నీడకు చేరితే ప్రాణం కుదుటపడుతుంది. విశాఖపట్నంలో ఎండ అంతకన్న తక్కువే. అయినా నీడన కూర్చున్నా చెమట కారుతూనే ఉంటుంది. ఎందుచేత?

చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు. ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆరేటప్పుడు తీసుకుపోయే వేడితో, అర లీటరుకు పైగా నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యవచ్చు! కాని గాలి పట్టగల ఆవిరికి ఒక హద్దు ఉన్నది. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే పట్టుతుంది. సముద్రపు గాలిలో అప్పటికే చాలా ఆవిరి ఉంటుంది గనక చెమట త్వరగా ఆరదు. అదే ఉక్కపోత.

మీ ఇంటి గాలి ఎలాంటిదో మీరే పరీక్షించవచ్చు. గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు తీసుకుని, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. రెంటినీ పంకాగాలిలో పది నిమిషాలు ఉంచండి. పొడిది 40 డిగ్రీలు, తడిది 23 డిగ్రీలు చూపిస్తే అది పొడిగాలి. పొడిది 34, తడిది 29 చూపిస్తే ఉక్కగాలి. థర్మామీటర్లు లేవా? వంటింట్లో ఉప్పు ఉన్నది! గాలి పట్టగల ఆవిరిలో నూటికి 75 వంతులు మించితే, మూత తీసిపెట్టిన ఉప్పు చెమ్మగిల్లుతుంది.

పొడిగాలి అయితే కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి తడపండి. కూలరు చేసేదీ ఇదే పని. అయితే కూలరు ఉన్న గదిలో ఒక కిటికీ తెరిచే ఉంచాలి. ఉక్కగాలిలో మాత్రం ఈ పని చేస్తే ఉక్క ఇంకా పెరుగుతుంది. అప్పుడు గదిలో తడిబట్టలు ఆరవెయ్యకండి. వంటింటి ఆవిరి బయటికి పోనివ్వండి. పంకా వేసుకోండి.

1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ కారియర్ ఏర్‌కండిషనింగ్ పద్ధతిని కనిపెట్టినది మనుషులను చల్లబరచటానికి కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితాలు సాగి, రంగులు సరిగా కుదరకపోయేవి. ఆయన గాలిని చల్లని గొట్టాలకు తగిలేలా పంపి, అందులోని తేమను నీరుగా దింపాడు. ఈనాడు ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు గదిలోని ఆవిరే!

"34 డిగ్రీలే గదా!" అని ఏమరకండి. చెమట ఆరని చోట, గడప దాటని వారికి కూడా వడదెబ్బ తగలవచ్చు. ముసలివారికీ, పసిబిడ్డలకూ మరీ ప్రమాదం. బామ్మ ఒళ్ళు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే పెద్దవాళ్ళను పిలవండి. ఒళ్ళు తడిపి విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ వేసవిలో ఒక చిటికెడు ఉప్పు బామ్మ గదిలో పెట్టి చూడండి. అది చెమ్మగిల్లితే ఆ గదికి గాలి కావాలన్నమాట!